వెర్నా కొత్త గొంతు

మా ఊరి లూథరన్ చర్చి హాల్లో గురువారం సాయంత్రాలు ఆడే బింగోలో, చీట్ల మీద కొట్టేసుకునే అంకెలు పిలిచేది వెర్నా కంగస్. ఆమె నోటితో మాట్లాడలేని మనిషి. పుట్టేటప్పుడు మెదడుకు గాలి అందక కాళ్లూ, చేతులూ, నాలుకా ఆమె చెప్పినట్టు వినవు. చక్రాల కుర్చీకి బిగించిన టాబ్లెట్ మీద గడులుంటాయి. కుడి బొటనవేలి కణుపుతో ఆ గడులు నొక్కుతుంది, టాబ్లెట్ పైకి పలుకుతుంది. ఉత్త "బి ఏడు" అని ఊరుకునే మనిషి కాదు. "బి ఏడు, ఆర్నీ నోట్లో మిగిలిన పళ్లు" అంటుంది. ముందు వరుసలో కూర్చునే ఆర్నీ మాకి, డెబ్బై ఎనిమిదేళ్లవాడు, "ఆరే ఉన్నాయమ్మా, వేసవిలో ఒకటి పోయింది" అని దిద్దుతాడు. హాలంతా నవ్వుతుంది.

ఆమె ఉండే ఇంట్లో పగటి పని నాది. నా పేరు నోరీన్. ఆమెలాంటి వాళ్లు నలుగురుండే ఇల్లది. పదకొండేళ్లపాటు ఆమెను లేపాను, స్నానం చేయించాను, కాఫీ పట్టాను. పనిలో చేరిన రోజే నాకొక నియమం చెప్పారు. ఆ ఇంట్లో ఉన్నవాళ్ల తరఫున మేం మాట్లాడకూడదు. వాళ్ల మనసులో ఉన్నది మాకు తెలుసని అనుకోవడమే తప్పట. మంచి నియమమే. దానివల్ల నేను సిగ్గుపడాల్సిన రోజొకటి వచ్చింది, అది తర్వాత చెబుతాను.

నలభై రెండో ఏడు వచ్చేదాకా వెర్నాకు గొంతు లేదు. అక్షరాలు రాసిన చెక్కపలక ఒకటుండేది. ఒక్కో అక్షరం మీద వేలు పెడితే ఎదుటివాళ్లు వంగి చూసి కూడబలుక్కోవాలి. వాళ్లు వంగకపోతే అంతే. టాబ్లెట్ వచ్చాక తొమ్మిదేళ్లలో అరవై రెండు పేజీలు, నాలుగు వేల పైచిలుకు గడులు తనే తయారు చేసుకుంది. "కాఫీ" గడి పక్కనే "చల్లారింది" గడి. అక్క మార్లిస్ కోసం ఒక పేజీ. మంచు గురించి ఒక పేజీ. తిట్లకు రెండు పేజీలు, అందులో ఒకటి అచ్చంగా వాళ్ల అమ్మమ్మ ఫిన్నిష్ తిట్లు. ఏ గడి ఎక్కడుందో కళ్లతో చూసుకోనక్కర్లేదు, చేతికే తెలుసు. ఆ గొంతు రేకుడబ్బాలో నుంచి వచ్చినట్టుండేది, ప్రతి వాక్యం చివరా విసుగొచ్చినట్టు కిందికి జారేది. అయినా ఊరంతటికీ అది వెర్నా గొంతే. మందుల షాపుకు ఫోన్ చేసి "హలో" అంటే చాలు, అవతలివాళ్లు "చెప్పు వెర్నా" అనేవారు.

ఆ టాబ్లెట్ ముసలిదైపోయింది. గోడలో కరెంటు తీగకు తగిలించి ఉంచకపోతే అరగంటకు మించి నడవదు. మాట మధ్యలో బిగుసుకుపోతుంది. ఆపి మళ్లీ వెలిగించడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఈలోగా ఎదుటివాళ్లు ఆ వాక్యాన్ని తమకు తోచినట్టు పూర్తిచేసి, సరేనా అని అడిగి, వెళ్లిపోతారు. సెప్టెంబరులో తయారీ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. కొత్త ఏడాది నుంచి ఈ రకానికి మరమ్మతులు చేయరు, విడిభాగాలు దొరకవు. కొత్త రకం వచ్చింది, అది తీసుకొమ్మని.

మాట రానివాళ్లకు సాయం చేసే నిపుణురాలు టామ్సిన్ నెలకోసారి రెండున్నర గంటలు కారు నడుపుకుంటూ వస్తుంది. అక్టోబరులో వస్తూ కొత్త రకం టాబ్లెట్ ఒకటి తెచ్చింది, కొన్ని వారాలు వాడి చూడమని. సన్నగా, తేలిగ్గా ఉంది. రోజంతా నడుస్తుంది. గొంతు నిజం మనిషిదిలా ఉంది, వాక్యం చివర జారదు. అన్నిటికంటే గొప్ప సంగతి ఊహించడమట. ఒక్క మాట నొక్కితే మిగతా వాక్యం ఏమై ఉండొచ్చో అదే ఊహించి పై వరుసలో మూడు వాక్యాలు చూపిస్తుంది. నచ్చినది నొక్కితే సరి.

టామ్సిన్ దాచుకునే మనిషి కాదు. పాత పేజీలు ఇందులోకి రావని, గడుల అమరిక వేరని, మళ్లీ మొదటినుంచీ కట్టుకోవాలని చెప్పింది. పాత గొంతు కూడా ఇందులో లేదు. బీమావాళ్లు అయిదేళ్లకొకటే ఇస్తారు. ఇప్పుడు వద్దంటే, పాతది ఆగిపోయిన రోజున మళ్లీ దరఖాస్తు, మళ్లీ పరీక్షలు, కనీసం ఎనిమిది నెలలు.

"ఎనిమిది నెలలు చెక్కపలకతోనా" అంది వెర్నా పాత టాబ్లెట్‌తో.

"అవును. నీకు అబద్ధం చెప్పలేను" అంది టామ్సిన్.

మొదటి గురువారం కొత్తది బింగోకు తీసుకెళ్లాం. హాలు చివరిదాకా వినబడింది. వెనక వరుసల ఆడవాళ్లు సంతోషపడ్డారు. ఆట మునుపటికన్నా అరగంట ముందే అయిపోయింది. కానీ వెర్నా "బి ఏడు" నొక్కగానే పై వరుసలో "బి ఏడు, అందరికీ శుభం" అని వచ్చింది, ఆమె అదే నొక్కింది. ఆర్నీ పళ్ల మాట రాలేదు. కోట్లు తొడుక్కుంటున్నప్పుడు ఆర్నీ దగ్గరికొచ్చి, వంట్లో బావుందా అని అడిగాడు. బావుందని చెప్పింది. "ఏమోనమ్మా, ఇవాళ పాదరీ గారి పెళ్లాం పిలిచినట్టుంది" అనేసి వెళ్లాడు.

మార్లిస్‌కు మాత్రం పట్టరాని ఆనందం. ఆమె విస్కాన్సిన్‌లో ఉంటుంది, ఆదివారాలు వీడియోలో మాట్లాడుతుంది. ఇదివరకు ఒక్క జవాబు కోసం నిమిషం, రెండు నిమిషాలు కూర్చోవాల్సి వచ్చేది, ఆ ఖాళీలన్నీ తనే మాటలతో నింపేది. ఇప్పుడు ప్రశ్న వేసీ వేయకముందే జవాబొస్తోంది. బాగున్నాను, నువ్వెలా ఉన్నావు, పిల్లలెలా ఉన్నారు, ఇక్కడ మంచు మొదలైంది. మార్లిస్ కళ్లొత్తుకుంది. "ఇన్నాళ్లకి నీతో మామూలుగా కబుర్లు చెప్పుకున్నట్టుందే" అంది.

ఫోన్ పెట్టేశాక వెర్నా కిటికీ వైపు తిప్పమంది. తర్వాత పాతది తగిలించమని సైగ చేసింది. మార్చి బిగించడానికి పది నిమిషాలు పట్టింది.

"అక్కకి చెప్పాలనుకున్నవి అవి కావు."

మరెందుకు నొక్కావని అడిగాను.

"నాకు కావలసిన మాట దూరంగా ఉంటుంది. పనికొచ్చే మాటేదో దగ్గర్లో ఉంటుంది. అక్క మొహం పెట్టి ఎదురుచూస్తుంటే చెయ్యి దగ్గర్లో ఉన్నదానికే పోతుంది." ఇంత చెప్పడానికి ఆమెకు అయిదు నిమిషాలు పట్టింది. "మూడు వారాల్లో నేను చాలా మంచిదాన్ని అయిపోయాను నోరీన్. నాకు భయంగా ఉంది."

ఊహించడం ఆపించుకోవచ్చుగా అన్నాను. టామ్సిన్‌కు ఫోన్ చేస్తే, అరువు టాబ్లెట్‌కు తాళం ఉంటుందని, తను వచ్చి తీయాలని, వచ్చేది నెలాఖరుకని చెప్పింది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. బీమావాళ్లకు లెక్క కావాలి. పాతదానితో వెర్నా నిమిషానికి ఆరు మాటలు చెబుతుంది. కొత్తదానితో పద్నాలుగు. ఊహించడం ఆపేస్తే, చేతికి గడులు అలవాటు లేక, అయిదు దాటవని టామ్సిన్ అంచనా. అయిదని రాస్తే బీమావాళ్లు ఇవ్వరు, పాతదే మేలు కదా అంటారు. అంటే, ఆ వాక్యాలు తనవి కావని వెర్నా తేల్చి చెబితే ఏ గొంతూ దక్కదు.

నవంబరు రెండో వారంలో వెర్నా బాగోగుల మీద మీటింగు పెట్టారు. ఏడాదికోసారి ఎలాగూ ఉంటుంది, కానీ ఈసారి ఇంటి మేనేజరు డ్వేన్ ముందే గొంతు సవరించుకుంటూ తిరిగాడు. రాత్రి పనికి మనుషులు దొరకడం లేదు. వేసవికల్లా ఈ ఇల్లు మూసేస్తారు. నలుగురినీ తలో చోటికి పంపాలి. వెర్నాకు డెబ్బై మైళ్ల దక్షిణాన ఉన్న పెద్ద ఇంట్లో గది దొరికింది, పన్నెండు మంది ఉండేది. బల్ల చుట్టూ డ్వేన్, కాగితాలు రాసుకునే క్రిస్టల్ అనే ఆఫీసు మనిషి, గోడ మీద తెరలో మార్లిస్, వెర్నా, పక్కన నేను. పాత టాబ్లెట్‌కు గోడ తీగ అందదని కొత్తదే బిగించాం.

డ్వేన్ దుర్మార్గుడు కాదు. ఆ సంగతి చెప్పడానికి అతనికీ కష్టంగానే ఉంది. చెప్పి, "నువ్వేమంటావ్ వెర్నా?" అని అడిగాడు.

వెర్నా "నాకు" అని నొక్కింది. పై వరుసలో మూడు వాక్యాలొచ్చాయి. ఆమె వాటిని దాటి కింది గడులవైపు చెయ్యి తిప్పుతోంది, అది నేను చూశాను. మనసు బిగిసినప్పుడు ఆమె చెయ్యి ఉన్నట్టుండి ఎగిరిపడుతుంది, చిన్నప్పటినుంచీ అంతే. చెయ్యి ఎగిరి పై వరుసలో పడింది.

"నాకు ఫర్వాలేదు, మీకెలా వీలైతే అలా చేయండి" అంది టాబ్లెట్, ఎంతో చక్కని గొంతుతో.

గదిలో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. క్రిస్టల్ రాసుకుంది. డ్వేన్ చాలా పెద్ద మనసు నీదన్నాడు. తెరలో మార్లిస్ ఏడుస్తూ నవ్వుతోంది, రాత్రుళ్లు ఈ బెంగతోనే నిద్రపట్టలేదని చెబుతోంది. వెర్నా చెయ్యి అప్పటికే కింది గడుల్లోకి దిగింది. "కాదు" కోసం వెతుకుతోంది, ఆ గడి పాతదాంట్లో ఎడమ కింద మూల ఉండేది, కొత్తదాంట్లో రెండో పేజీలో ఉంది. దాన్ని పట్టుకునేసరికి మాటలు ఫిబ్రవరిలో సామాను తరలించడం దాకా వెళ్లిపోయాయి. "కాదు" అని ఆ గొంతు మర్యాదగా అంది. దేనికి కాదంటోందో ఎవరికీ అర్థం కాలేదు. ఫిబ్రవరి వద్దా, మార్చి అయితే నయమా అని డ్వేన్ అడిగాడు. ఆమె మళ్లీ "కాదు" అంది. అప్పుడు క్రిస్టల్, మార్పంటే ఎవరికైనా గాభరాగానే ఉంటుందని, ముందు చెప్పిన మాటే మనసులో మాటని మెత్తగా చెప్పింది.

వెర్నా నా వైపు చూసింది. చెయ్యి ఎగిరిపడడం నేను చూశానని ఆమెకు తెలుసు. ఆమె తరఫున మాట్లాడకూడదన్న నియమం నాకు గుర్తొచ్చింది. నా ఉద్యోగం కూడా గుర్తొచ్చింది. నేను ఆమె మెడ కింది తువ్వాలు సరిచేశాను. అంతే చేశాను.

మర్నాడు ఉదయం నేను వెళ్లేసరికి, రాత్రి పనామె చేత పాత టాబ్లెట్ గోడ తీగకు తగిలించుకుని, దాని ముందు కూర్చుని ఉంది. నన్ను పలకరించలేదు. పదకొండింటిదాకా నొక్కుతూనే ఉంది. మధ్యలో మూడుసార్లు అది బిగుసుకుంటే, మూడుసార్లూ ఆపి వెలిగించాను. చివరికి తను రాసిన ఉత్తరం డ్వేన్‌కూ క్రిస్టల్‌కూ పంపించమంది. "నిన్న ఫర్వాలేదన్నది నేను కాదు. నా చెయ్యి జారింది. నాకు ఫర్వా ఉంది. మళ్లీ కూర్చోండి. గోడ దగ్గర కూర్చోండి, తీగ అందాలి."

అప్పుడు నేను క్షమించమన్నాను. చూసి కూడా ఊరుకున్నానని ఒప్పుకున్నాను.

"తెలుసు" అంది. మళ్లీ గడులు వెతికి, "నువ్వు చెప్పినా నమ్మేవాళ్లు కారులే" అంది. ఇంకో గడి నొక్కి, "అయినా చెప్పాల్సింది" అంది.

కాఫీ పట్టాను. ఆ వారమంతా ఆమె నాతో అవసరానికే మాట్లాడింది.

నేనూ ఒక కాగితం రాసిచ్చాను, చెయ్యి ఎగిరిపడడం నా కళ్లతో చూశానని. చూసింది చెబుతున్నాను గాని ఆమె మనసులో ఉన్నది చెప్పడం లేదని అందులో రాశాను. డ్వేన్ అది చదివి వెర్నా ఫైల్లో పెట్టాడు.

పది రోజుల తర్వాత మళ్లీ కూర్చున్నారు. బల్ల గోడకు జరిపారు. అందరూ ఒకే పక్కన ఇరుక్కుని కూర్చోవాల్సి వచ్చింది. వెర్నా మొదలుపెట్టింది. రెండో వాక్యంలోనే టాబ్లెట్ బిగుసుకుపోయింది. నేను ఆపి వెలిగించాను. నాలుగు నిమిషాలు. క్రిస్టల్ కలం మూత తీసింది, పెట్టింది. మార్లిస్ ఉండబట్టలేక, ఆమె చెప్పాలనుకునేది బహుశా ఇదేనేమోనని మొదలుపెట్టింది. వెర్నా తెర వైపు కళ్లు చిట్లించి చూసింది, మార్లిస్ ఆగిపోయింది. టాబ్లెట్ వెలగగానే ముందు ఆమెకే జవాబిచ్చింది.

"అక్కా, నీకు నిద్రపట్టాలని నేను సరేననలేను."

ఆ రేకుడబ్బా గొంతు వాక్యం చివర ఎప్పటిలాగే కిందికి జారింది.

మిగతాది చెప్పడానికి వెర్నాకు నలభై నిమిషాలు పట్టింది. యాభై ఒక్క ఏళ్లుగా ఈ ఊళ్లోనే ఉన్నాను. ఇక్కడ నన్ను ఫోన్లో గుర్తుపడతారు. అక్కడ పన్నెండు మందిలో ఒకదాన్నవుతాను. ఇల్లు మూస్తే ఆపలేనని తెలుసు. కానీ నన్ను పంపితే, నాకు ఇష్టం లేదని తెలిసీ పంపామని రాయండి. నాకు ఫర్వాలేదని మాత్రం రాయకండి.

క్రిస్టల్ పాత కాగితం కొట్టేసి కొత్తది రాసింది. రాసింది చదివి వినిపించమంది వెర్నా. రెండుచోట్ల దిద్దించింది.

దానివల్ల ఇల్లు నిలబడలేదు. డ్వేన్ ఊళ్లో గది కోసం నిజంగానే తిరిగాడు, ముసలివాళ్ల భవనంలో అడిగాడు, కుర్చీ పట్టే స్నానాలగది ఉన్నది ఒక్కటీ ఖాళీ లేదు. గది కోసం ఎదురుచూసేవాళ్ల వరుసలో ఆమె పేరు రాయించాడు, తొమ్మిదో పేరు. డెబ్బై మైళ్ల దూరంలోని గది పోయి ముప్పై అయిదు మైళ్ల దూరంలో ఒకటి దొరికింది, ఆరుగురుండే ఇల్లు. అంతవరకే జరిగింది.

ఇక టాబ్లెట్ సంగతి తేలలేదు. డిసెంబరులో టామ్సిన్ బీమా పరీక్షకు వచ్చింది. వెర్నా ఆమెను సూటిగా అడిగింది, నా స్థానంలో నువ్వుంటే తీసుకుంటావా అని. టామ్సిన్, పాతది ఇంకో రెండేళ్లు నడుస్తుందంటే తీసుకోనని చెప్పింది. నడుస్తుందా అంటే, చలికాలం దాటడమే అనుమానమంది.

"అయితే అడగడం దేనికి. పెట్టు పరీక్ష" అంది వెర్నా.

పరీక్షంతా ఊహల గడులే నొక్కింది. టామ్సిన్ గడియారం చూస్తుంటే, నాకు వేసవి అంటే ఇష్టం, నా కుటుంబం నాకు అండగా ఉంది, నాకు ఈత కొట్టడం సరదా అని వరసగా చెప్పుకుపోయింది. నిమిషానికి పదహారు మాటలొచ్చాయి. ఒక్కటీ నిజం కాదు. వేసవి ఉక్కకు ఆమెకు దద్దుర్లొస్తాయి. టామ్సిన్ అంకె రాసుకుంది, తల ఎత్తలేదు. సంతకం చోట వెర్నా వేలిముద్ర వేస్తుంటే కాగితం నేనే పట్టుకున్నాను.

"దీన్ని మెచ్చుకుని తీసుకున్నానని ఎక్కడా రాయకు" అని టామ్సిన్‌తో అంది.

అలాంటి గడి ఫారంలో లేదని టామ్సిన్ చెప్పింది.

పాత టాబ్లెట్ ఫిబ్రవరి చివర్లో, ఒక మంగళవారం ఉదయం, వెలగలేదు. అరువుది టామ్సిన్ డిసెంబరులోనే తీసుకెళ్లింది, బీమావాళ్లు ఇచ్చిన కొత్తది మార్చి పన్నెండున వచ్చింది. ఆ రెండు వారాలూ మెట్ల కింద అరలో నుంచి చెక్కపలక తీసి తుడిచి వాడాం. ఆమె వేలు పెడితే నేను వంగి చదివేదాన్ని. ఒక రోజు రాత్రి పనామె తొందరలో వంగలేదు. వెర్నా రాత్రంతా తడి దుప్పట్లో పడుకుంది. ఆ సంగతి నాకు పొద్దున అక్షరం అక్షరంగా చెప్పింది.

కొత్తది రాగానే టామ్సిన్ చేత ఊహించడం తీయించేసింది. పై వరుస ఖాళీ అయిపోయింది. గొంతుల పట్టికలో ఇరవై మూడు గొంతులున్నాయి, రెండు మధ్యాహ్నాలు కూర్చుని అన్నీ విని, ఒకటి ఎంచుకుంది. అది నచ్చి కాదు, అన్నిటికన్నా తక్కువ తియ్యగా ఉందని. మందుల షాపువాళ్లకు ఫోన్ చేసి "హలో" అంటే ఎవరు మాట్లాడుతున్నారని అడిగారు. పేరు చెప్పాల్సి వచ్చింది.

అప్పటినుంచి రోజూ గంటన్నర గడులు కట్టాం. ఏ గడి తర్వాత ఏ గడి ఉండేదో ఆమె చేతికి తెలుసు గాని అడిగితే చెప్పలేకపోయేది. అందుకని ఖాళీ బల్ల మీద చెయ్యి ఆడించేది, ఆ చెయ్యి ఆగినచోటల్లా నేను గుర్తు పెట్టేదాన్ని. కొన్ని ఎంత వెతికినా దొరకలేదు. వాళ్ల అమ్మమ్మ తిట్లలో సగం అక్షరాల కూర్పు ఆమెకు తెలియదు, పాతదాంట్లో చెవికి సరిపడేదాకా తడిమి తడిమి కట్టినవే. అవి పోయాయి.

మే నెలాఖరున ఇల్లు ఖాళీ చేశారు. ఆమె సామాను నా వ్యానులో సగం, డ్వేన్ ట్రక్కులో సగం తీసుకెళ్లాం. కొత్త ఇంట్లో కిటికీ పార్కింగు వైపు ఉంది. అక్కడి వాళ్లు మంచివాళ్లే, పనికి పరిగెత్తే వాళ్లు. బింగోకు వారం వారం తీసుకురావడానికి వాళ్లకు వాహనం కుదరదు. నెలకోసారి నేను వెళ్లి తెస్తున్నాను. మిగతా గురువారాలు చర్చివాళ్లు అంకెలు పిలవడానికి చర్చి గుమాస్తా ఒకాయన్ని పెట్టుకున్నారు.

మొన్న ఆదివారం వెళ్లాను. మార్లిస్ వీడియోలో ఉంది. ప్రశ్న అడిగి, చేతులు ఒళ్లో పెట్టుకుని, పెదాలు బిగించి కూర్చుంది. వెర్నా చెయ్యి వెతుకుతోంది. రెండు నిమిషాలు గడిచాయి. అక్కడ పనిచేసే అమ్మాయి గుమ్మంలోకొచ్చి, భోజనానికి చేప కావాలా కోడి కావాలా అని అడిగి, జవాబు కోసం ఒక క్షణం నిలబడి, చేప తెస్తానని వెళ్లిపోయింది. వెర్నాకు చేప పడదు. నేను లేవబోయాను. ఆమె కళ్లతోనే నన్ను కూర్చోమంది, అక్కకు చెబుతున్న మాట మధ్యలో ఉంది, అది పూర్తికావాలి.

పూర్తయ్యాక ఆ అమ్మాయిని పిలవమంది. ఆమె చేప పళ్లెంతో వచ్చింది. వెర్నా గడులు నొక్కుతున్నంతసేపూ ఆమె ఆ పళ్లెం పట్టుకునే నిలబడాల్సి వచ్చింది.